పాలు పొంగిన పొగగొట్టం

రాఘవులు పొద్దున్న ఆరున్నరకల్లా వ్యాన్ వెనక తలుపులు తీసి సామాను సర్దుకుంటాడు. కింద పరవడానికి రెండు పాత దుప్పట్లు, మూడు సైజుల తీగ బ్రష్‌లు, ఒకదానికొకటి బిగించే పొడుగాటి కడ్డీలు, టార్చిలైటు, చేతి అద్దం, మసి గోకే వంకర కత్తి. అన్నీ అయ్యాక ఒక వెడల్పాటి రేకు పళ్ళెం. రాలిన మసి పట్టేది ఆ పళ్ళెంలోనే. మసితో పాటు మాటలు కూడా అందులోనే పడతాయి గనక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు.

ఇండియా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు బాగా చేరిన కమ్మింగ్ ఊళ్ళో ఇల్లు కొనే ప్రతివాళ్ళూ సంతకాలకి ముందు ఫైర్‌ప్లేస్ చూపించుకుంటారు. రాఘవులు నింపే కాగితంలో నాలుగు గళ్ళుంటాయి. డాంపర్, అంటే పొగదారిని మూసే ఇనప రేకు, సరిగ్గా తిరుగుతోందా అన్నది ఒకటి. ఇటుకల్లో పగుళ్ళున్నాయా అన్నది రెండు. పైన పిట్టలు గూళ్ళు పెట్టాయా అన్నది మూడు. నాలుగో గడి మాటలకి. మంట ముందు మాట్లాడిన మాట పొగతో పాటు పైకి పోయి మసికి అంటుకుంటుంది. మసి మీద మసి పేరుకున్న కొద్దీ నిలుస్తుంది. గోకితే రాలుతుంది, ఒక్కసారి వినపడుతుంది, ఆ తర్వాత బూడిదే. మొదటి మూడు గళ్ళకీ టిక్కు పెడితే చాలు. నాలుగో గడిలో మాత్రం విన్నది విన్నట్టు, ఏ భాషలో రాలితే ఆ భాషలో రాయాలి. ఆ కాగితం కౌంటీ ఆఫీసులో, అంటే జిల్లా కచేరీలాంటి చోట, ఇంటి ఫైలులో చేరుతుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ కాగితం ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళ ఫుట్‌బాల్ కేకలు రాలి పళ్ళెం నిండిపోయింది. ఇంకో ఇంట్లో ఒక ముసలావిడ తన పిల్లితో చెప్పుకున్న కబుర్లు రాలాయి. కొనేవాళ్ళు విని, తల ఊపి, వంటింటి కుళాయి ఎందుకు కారుతోందో కనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆ మార్చి నెలలో ఒక సోమవారం రాఘవులుకి ఫోనొచ్చింది.

"హలో, రాఘవులు అంకుల్? నా పేరు స్మృతి. మేము హౌస్ కొంటున్నాం. ఫైర్‌ప్లేస్ ఇన్‌స్పెక్షన్ కావాలి. శాటర్‌డే ఓకేనా మీకు?" ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల తెలుగు. ప్రతి మాటా తడిమి తడిమి పలుకుతోంది.

"ఓకే అమ్మా. అడ్రసు చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. రాఘవులు చేతిలో పెన్ను ఉంది గాని రాసుకోలేదు. ఆ అడ్రసు ఎనిమిదేళ్ళుగా అతనికి నోటికి వచ్చు.

"ఇల్లు అమ్మేది జగదీష్ గారే కదమ్మా?"

"అవును, అంకుల్. మీకు తెలుసా? మా మామ్‌కి కూడా తెలుసు."

"మీ అమ్మ పేరేంటి?"

"మీనా."

రాఘవులు గోడకి చేరగిలబడ్డాడు. "మీ అమ్మని కూడా తీసుకురా తల్లీ. పెద్దవాళ్ళు ఒకరుంటే మంచిది," అన్నాడు.

ఆ ఇంటి పొగగొట్టంలో తన చెయ్యి పెట్టడానికే రాఘవులు ఈ పని నేర్చుకున్నాడు. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండువేల ఆరులో జగదీష్ ఆ ఇంటి గృహప్రవేశం చేశాడు. పార్సిప్పనీలో ఇల్లు ఖాళీ చేసి అప్పుడే దిగాడు. నూటయాభైమందిని పిలిచాడు. వంట పద్మది. పద్మ రాఘవులు భార్య. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ తెలుగింట్లో శుభకార్యం జరిగినా పద్మ గుత్తివంకాయ లేకుండా విస్తరి వేసేవారు కాదు. రాఘవులు అప్పట్లో ఒక గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవాడు. సెలవు రోజుల్లో ఆవిడ గిన్నెలు మోసేవాడు.

ఆ ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. వంటిల్లు ఈశాన్యంలో ఉంది. అక్కడ పొయ్యి వెలిగించి పాలు పొంగించడానికి వీల్లేదని పురోహితుడు అడ్డం పడ్డాడు. ఆగ్నేయంలో ఏముందని చూస్తే ఫైర్‌ప్లేస్ ఉంది. "అగ్ని ఉండాల్సిన చోట అగ్ని ఉండనే ఉంది, ఇంకేం కావాలి?" అన్నాడు జగదీష్. కట్టెలు పేర్చి, ఇత్తడి గిన్నె పెట్టి, పాలు పోసి వెలిగించారు. డాంపర్ తెరవాలని ఒక్కళ్ళకీ తట్టలేదు. పొగంతా హాల్లోకి కమ్మేసింది. అలారాలు కూశాయి. పట్టుచీరలన్నీ వాకిట్లోకి పరిగెత్తాయి. ఎవరో చెయ్యిపెట్టి డాంపర్ లాగేసరికి పాలు పొంగి కట్టెల మీద పడి, ఆ ఆవిరీ పొగా కలిసి ఒక్కసారిగా పైకి పోయాయి.

పాలు పడ్డ కట్టెలు ఇంకా మండుతుండగానే, భోజనాల వేళకి ఇంకో గోల. జగదీష్ తల్లి తన కాసులపేరు కోడలు విజయశ్రీకి అంతకుముందే ఇచ్చి దాచమంది. ఆ రోజు మెళ్ళో వేసుకోమని అడిగింది. లేదు. ఇల్లంతా వెతికారు. జగదీష్, విజయశ్రీ మంట ముందు ఏదో గుసగుసలాడుకోవడం గిన్నెలు మోస్తున్న రాఘవులు చూశాడు. ఆఖరికి వంటావిడ నెయ్యి కోసం లోపలి గదిలోకి వెళ్ళిందన్న మాట బయటికొచ్చింది. అంతే. ఆడవాళ్ళు పద్మ సంచులు, డబ్బాలు, చివరికి ఆవిడ చేతిసంచి కూడా కార్పెట్ మీద దులిపారు. దులిపినవాళ్ళలో ముందు నిలబడింది మీనా. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అందరి కళ్ళకీ పద్మ మరీ గడుసు దొంగైపోయింది.

జగదీష్ పోలీసులకి చెప్పలేదు. "పోనీలెండి, పాపం, బతకడానికి వచ్చినవాళ్ళు. క్షమించేశాను," అని అందరి ముందూ అన్నాడు. ఆ క్షమే పద్మని ముంచేసింది. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళూ ఆవిణ్ణి పిలవలేదు. గుడిలో ఆవిడ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు చేతిసంచులు ఒళ్ళోకి తీసుకునేవారు. పద్మ గుడికి వెళ్ళడం మానేసింది. పెద్ద గిన్నెలు అటక ఎక్కాయి. జగదీష్ తల్లి ఇండియా వెళ్ళి, చనిపోయేదాకా రోజూ దీపం ముందు పద్మకి శాపనార్థాలు పెట్టిందని కూడా ఎవరో చెప్పారు.

రాఘవులు గోదావరి ఒడ్డున ఇటుక బట్టీలో పుట్టి పెరిగినవాడు. బట్టీ రాజేసే రోజున అతని మేనమామ మంటలో పాలు పోసేవాడు. పాలు తగిలిన మసి గాజులా గట్టిపడుతుందనీ, అందులో చిక్కిన మాట ఎన్నేళ్ళయినా చెడదనీ ఆయన చెప్పాడు. ఈ దేశంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడివాళ్ళు కట్టెల మీద పాలు పొయ్యరు. ఒక్కరోజు వెలిగించిన ఫైర్‌ప్లేస్‌లో మాట నిలవదని అందరూ అనుకుంటారు. జగదీష్ కూడా అలాగే అనుకుని నిశ్చింతగా ఉన్నాడు. ఆ రోజు తర్వాత అందులో మళ్ళీ అగ్గిపుల్ల గియ్యలేదు. ముందు పెద్ద టీవీ పెట్టేశాడు.

పరాయి ఇంటి పొగగొట్టం గోకే హక్కు కొనేవాళ్ళు పిలిచిన ఇన్‌స్పెక్టర్‌కి తప్ప ఇంకెవరికీ లేదు. అందుకని రాఘవులు యాభై రెండేళ్ళ వయసులో లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు పుస్తకం వేలు పెట్టి చదివాడు. రెండుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారి లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఒక్క ఇంటి కోసం కాచుకుని, మిగిలిన ఇళ్ళ చిమ్నీలు తుడుస్తూ వచ్చాడు.

శనివారం పొద్దున్న బూట్లు వేసుకుంటూ, "పద్మా, జగదీష్ ఇంటికి పోతున్నాను. ఫైర్‌ప్లేస్ చూడాలి. వస్తావా?" అన్నాడు.

పద్మ బియ్యం కడుగుతోంది. కడిగిన నీళ్ళు వంచి, గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. ఎందుకని అడగలేదు. జుట్టు ముడేసుకుని వెళ్ళి వ్యాన్‌లో కూర్చుంది.

దారిలో రాఘవులు రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆ మసిలో జగదీష్ గొంతు ఒక్కటే లేదు. రాఘవులు గొంతు కూడా ఉంది. ఆ రోజు సంచులు దులపడానికి ముందు జగదీష్ అతన్ని ఆ మంట ముందుకే పిలిచి అడిగాడు. అడిగినదానికి రాఘవులు ఏం చెప్పాడో పద్మకి ఈనాటికీ తెలియదు. అప్పుడావిడ వెనక గ్యారేజీలో పప్పు దించుతోంది. పాలమసి అంతా ఒక్కటే పెచ్చు. ఊడితే మొత్తం ఊడుతుంది. వాడి మాట రాల్చుకుని తన మాట దాచుకోవడం కుదరదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్‌స్పెక్టర్ తన గొంతు ఉన్న పొగగొట్టాన్ని తనిఖీ చేయకూడదు. తెలిసీ చేస్తే లైసెన్సు పోతుంది; విన్నదంతా రాసి ఉంటే కాగితం మాత్రం చెల్లుతుంది. ఆ ముక్క పుస్తకం మొదటి పేజీలోనే ఉంది.

ఇవన్నీ రాఘవులు ఎనిమిదేళ్ళుగా లెక్కేసుకుంటూనే ఉన్నాడు. అయినా వ్యాన్ వెనక్కి తిప్పలేదు.

తలుపు జగదీష్ తీశాడు. యాభై దాటినా మనిషి నున్నగా ఉన్నాడు. హాలంతా అట్టపెట్టెలు. ఇల్లు అమ్మి వేరే రాష్ట్రంలో ఉన్న కాపెల్‌కి మారుతున్నాడు; అక్కడ కొత్తగా కట్టిన గుడికి అతన్ని ట్రస్టు పెద్దగా పిలిచారు. దేవుడి నగల బీరువా తాళాలు ఇక అతని దగ్గరే ఉంటాయి.

"ఓహో, రాఘవులు గారా! చిమ్నీల పని చేస్తున్నారని విన్నాను. రండి రండి," అన్నాడు. వెనకాల పద్మ కనపడేసరికి అతని చెయ్యి తలుపు మీద ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ కూడా వచ్చారా?"

"టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలండి," అన్నాడు రాఘవులు.

విజయశ్రీ సోఫాలో కూర్చుని గాజు సామాను కాగితాల్లో చుడుతోంది. పద్మని చూసి కాగితంలోకి తల దించుకుంది. మీనా అప్పటికే వచ్చి, అల్లుడు వేదాంత్‌కి ఏ మూల ఏం పెట్టాలో చూపిస్తోంది. ఆ ఊళ్ళో మీనాకి తెలియని ఫోన్ నంబరు లేదు. ఆవిడ చెవిలో పొద్దున్న పడ్డ మాట మధ్యాహ్నానికి ఊరంతా ఉంటుంది.

"అరే, పద్మా! బావున్నావా? ఎంత చిక్కిపోయావు!" అంటూనే సోఫా మీదున్న తన హ్యాండ్‌బ్యాగ్ తీసి భుజానికి తగిలించుకుంది.

పద్మ ఆ బ్యాగ్ వైపు చూసింది. "బావున్నానండి," అంది.

రాఘవులు, వేదాంత్ కలిసి టీవీ పక్కకి జరిపారు. దుప్పట్లు పరిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని తల లోపల పెట్టాడు. డాంపర్ కిర్రుమంటూ తిరిగింది. ఇటుకల్లో పగుళ్ళు లేవు. పిట్టగూడు లేదు. మూడు గళ్ళకీ టిక్కులు పెట్టాడు.

"అంకుల్, సేఫేనా? మాకు బేబీ వస్తోంది, సో..." అంది స్మృతి.

"ఇటుక గట్టిదే తల్లీ."

"నాలుగోది 'లేవు' అని రాసేయండి రాఘవులు గారూ," అన్నాడు జగదీష్ కాఫీ తాగుతూ. "ఒక్కరోజు వెలిగించాం. అదీ ఒక్క పూట. అందులో ఏముంటుంది?"

"చూసి రాస్తానండి."

టార్చి పద్మ పట్టుకుంది. ఆ వెలుగులో పైన డాంపర్ దాటిన చోట నల్లగా, నిగనిగలాడుతూ ఒక పెచ్చు కనపడింది. బట్టీలో మేనమామ చూపించిన మెరుపే. రాఘవులు వంకర కత్తి అందుకున్నాడు. కత్తి మొన మొదట ఇటుకకి తగిలి జారింది. పద్మ వెలుగు మాత్రం కదల్లేదు.

మూడు పోట్లకి పెచ్చు ఊడి పళ్ళెంలో పడింది.

ముందు మంత్రాలు రాలాయి. తర్వాత దగ్గులు. తర్వాత అలారం కూత, ఎంత గట్టిగా అంటే వేదాంత్ పైకప్పు కేసి చూశాడు. "అయ్యయ్యో, నా పట్టుచీర!" అంది ఒక ఆడగొంతు.

"మామ్, దట్స్ యూ!" అని స్మృతి నవ్వింది. మీనా కూడా నవ్వింది.

ఆ తర్వాతి మాటలు గుసగుసగా రాలాయి. అందరూ నోరు మూసుకుంటే గాని వినపడలేదు. అందరూ నోరు మూసుకున్నారు.

"ఎక్కడ పెట్టావే? అమ్మ అడుగుతోంది." జగదీష్ గొంతు.

"బియ్యం డబ్బాలో పెట్టానండీ. దొంగల భయానికి అడుగున పెట్టి పైన బియ్యం పోశాను." విజయశ్రీ గొంతు.

"ఏ డబ్బా? పార్సిప్పనీలో పురుగు పట్టిందని నేను చెత్తలో పారేశానే, అదా?"

కాసేపు కట్టెల చిటపటలు రాలాయి.

"అదేనండీ. ఇప్పుడేం చేద్దాం? అత్తయ్యకి చెప్పేద్దామండీ."

"నీకు మతి పోయిందా? నేనే నా చేత్తో పారేశానని తెలిస్తే అమ్మ ఇక్కడే ప్రాణం వదిలేస్తుంది. ఆ వంటావిడ ఇందాక నెయ్యి కోసం లోపలికి వెళ్ళింది కదా. ఆవిడ తీసిందేమో అను. ఆవిడ వైపు ఎవరు మాట్లాడతారు?"

రాలిన మాటలు రాలినట్టే బూడిదయ్యాయి. విజయశ్రీ చేతిలో గాజు గ్లాసు సగం చుట్టి ఉంది. జగదీష్ కాఫీ కప్పు కింద పెట్టబోయి, చోటు కనపడక చేతిలోనే ఉంచుకున్నాడు. మీనా భుజం మీదున్న బ్యాగ్ జారి మోచేతి మీదికొచ్చింది.

పెచ్చులో ఇంకా మిగిలి ఉంది. రాఘవులు దాని వంక చూడలేకపోయాడు.

"రాఘవులూ, మీ ఆవిడ లోపలికి వెళ్ళిందట. నువ్వేమంటావు?" జగదీష్ గొంతు.

"నాకేం తెలుసండీ." రాఘవులు గొంతు, ఎనిమిదేళ్ళ కిందటి గొంతు, వంగి వంగి పలుకుతోంది. "నేను బయట గిన్నెలు దింపుతున్నాను. ఆడదాని బుద్ధి ఎవడు చెప్పగలడు? అనుమానమైతే సంచులు వెతుక్కోండి. నేను అడ్డం రాను."

అదే ఆఖరి మాట. పళ్ళెంలో బూడిద తప్ప ఏమీ లేదు.

టార్చి ఆరిపోయింది. ఆర్పింది పద్మే. దాన్ని దుప్పటి మీద జాగ్రత్తగా పెట్టి లేచి నిలబడింది.

ముందు నోరు తెరిచింది మీనా. "బియ్యం డబ్బానా! అమ్మ జగదీష్! నేనే కదయ్యా ఈవిడ సంచి దులిపాను, ఇదిగో, ఈ కార్పెట్ మీదే!"

"నేను అప్పుడే చెప్పేద్దామన్నాను," అంది విజయశ్రీ, ఎవరితోనూ కాకుండా.

"నువ్వు నోర్మూసుకో," అన్నాడు జగదీష్. కప్పు ఒక అట్టపెట్టె మీద పెట్టి, రాఘవులు పక్కన దుప్పటి మీద గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు గాని అందరూ దగ్గర్లోనే ఉన్నారు, అందరికీ వినపడింది. "చూడండి రాఘవులు గారూ. జరిగిందేదో జరిగింది. మీ మాట కూడా రాలింది. మీ గొంతు ఉన్న చోట మీరు చెయ్యి పెట్టకూడదు, అవునా? నా మాటలు రాస్తే మీ మాటా రాయాలి. రాస్తే మీ లైసెన్సు ఉండదు. మీ మాట వదిలేసి నావి రాశారనుకోండి, నేను కౌంటీకి ఒక్క ఉత్తరం పెడితే ఆ కాగితం చెల్లదు. 'లేవు' అని ఒక్క ముక్క రాసేయండి. మీ బతుకు మీది, నా బతుకు నాది. మీనాగారు చెప్పుకుంటే చెప్పుకోనీండి, కాగితం లేని మాట కాపెల్‌లో ఎవడు నమ్ముతాడు?"

రాఘవులు అతని మొహంలోకి చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఈ మొహం నల్లబడటం చూడాలని ఉంది. నల్లబడింది. మీనా విన్నది. ఇంతవరకూ అనుకున్నట్టే జరిగింది. అతను పెన్ను తీసి నాలుగో గడిలో రాయడం మొదలుపెట్టాడు. అలారం కూత దగ్గర్నుంచి "ఆవిడ వైపు ఎవరు మాట్లాడతారు" దాకా ఒక్క ముక్క పోకుండా తెలుగులో రాశాడు. అక్కడ ఆగి, చుక్క పెట్టి, సంతకం చెయ్యబోయాడు. జగదీష్ ఉత్తరం పెడితే చూసుకుందాం అనుకున్నాడు.

"అన్నీ రాశావా?" అంది పద్మ.

అతని భుజం మీదుగా వంగి చదువుతోంది. ఆవిడ గొంతులో కోపం లేదు. బజారు సరుకుల చీటీ సరిచూసే గొంతు.

"రాశాను."

"అన్నీ?"

"పద్మా, అది రాస్తే నా లైసెన్సు పోతుంది."

"నా వంట పోలేదా?"

రాఘవులు పెన్ను కాగితం మీద నుంచి ఎత్తాడు.

"ఎనిమిదేళ్ళు నాకోసం మసి గోకుతున్నావనుకున్నాను," అంది పద్మ. "ఊళ్ళో అందరూ అనుమానించారు గాని మా ఆయన నమ్మాడు అనుకుని బతికాను. అదొక్కటే పట్టుకుని బతికాను. వాడు నా మీద దొంగతనం వేశాడు సరే, వాడు పరాయివాడు. సంచి మూతి విప్పి చేతికిచ్చింది నువ్వు. రాయి. నీ మాట లేకపోతే ఈ కాగితం నిలబడదని వాడే చెప్తున్నాడు కదా. నాకు నిలబడే కాగితం కావాలి."

"అంకుల్," అన్నాడు వేదాంత్ మెల్లగా. "మీరు మళ్ళీ ఈ వర్క్ చెయ్యలేరు. యూ నో దట్, రైట్?"

"తెలుసు బాబూ."

జగదీష్ లేచి నిలబడ్డాడు. "ఏంటండీ ఈ పిచ్చి! ఆవిడేదో ఆవేశంలో అంటోంది. మగాళ్ళం మనం మాట్లాడుకుందాం."

పద్మ అతని వైపు కూడా తిరగలేదు. "రాయి," అంది.

రాఘవులు రాశాడు. తన గొంతు పలికినట్టే, వంగి వంగి పలికినదంతా, "ఆడదాని బుద్ధి" దగ్గర్నుంచి "అడ్డం రాను" దాకా రాశాడు. ఆ పక్కన ఇది ఇన్‌స్పెక్టర్ మాట అని రాసి, సంతకం పెట్టాడు. కింద సాక్షులకి రెండు గీతలున్నాయి. మీనా అడక్కుండానే పెన్ను లాక్కుని ఒకదాని మీద సంతకం పెట్టింది. రెండో గీత దగ్గర అందరూ ఆగారు. విజయశ్రీ గ్లాసు పక్కన పెట్టి, లేచి వచ్చి, మొగుడి కళ్ళ ముందే తన పేరు రాసింది.

ఆ మధ్యాహ్నం మీనా ఫోన్ రెండుసార్లు చార్జింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. జగదీష్ సామాను లారీ మంగళవారం బయల్దేరి శుక్రవారానికి కాపెల్ చేరింది. మాట ఆదివారానికే చేరింది. కాగితం నకలు సోమవారానికి చేరింది. గుడి ట్రస్టువాళ్ళు మర్యాదస్తులు. అతన్ని రావద్దని అనలేదు. దేవుడి నగలకి వేరే మనిషిని చూసుకున్నామనీ, చెప్పుల స్టాండు దగ్గర సేవకి ఎవరూ లేరనీ, జగదీష్ గారు క్షమాగుణం ఉన్నవారని విన్నామనీ కబురు పెట్టారు. విజయశ్రీ ఆ లారీ వెనక వెళ్ళలేదు. పార్సిప్పనీలో అక్క దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తానంది. వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

రాఘవులు లైసెన్సు రద్దయినట్టు పదో రోజున కవరు వచ్చింది. అతను కడ్డీలూ బ్రష్‌లూ అమ్మేశాడు. ఖాళీ అయిన వ్యాన్‌లోకి పద్మ అటక మీది గిన్నెలు ఎక్కించింది. ఎక్కించింది అంటే, ఎక్కించమని వేలితో చూపించింది. ఫోన్లు మొదలయ్యాయి. ఎనిమిదేళ్ళుగా పలకరించనివాళ్ళు పేరుపేరునా ఫోన్ చేసి, అసలు తాము ఎప్పుడూ నమ్మలేదని చెప్పారు. పద్మ అందరి మాటలూ ఓపిగ్గా విని, "ఎంతమందికి కావాలి?" అని అడిగేది. ఊళ్ళో అందరితోనూ మాట్లాడుతోంది. ఇంట్లో మాత్రం రాఘవులుతో పని మాటలు తప్ప మాట్లాడదు. అవి కూడా ఒక ముక్క, రెండు ముక్కలు. తరుగు. దించు. అది కాదు, ఇది.

మే నెలలో స్మృతివాళ్ళ గృహప్రవేశం జరిగింది. చిమ్నీ శుభ్రంగా ఉన్న ఇల్లు మళ్ళీ దొరకదని వేదాంత్ అనడంతో ఆ ఇల్లే కొన్నారు. రెండువందలమంది వచ్చారు. వెనక పెరట్లో గుడారం వేసి పద్మ వంట చేసింది. గుత్తివంకాయ గిన్నె దగ్గర జనం గుంపు కట్టారు. ఆడవాళ్ళు తమ చేతిసంచులు పద్మ పక్కనున్న బల్ల మీద పెట్టి, కాస్త చూస్తూ ఉండమని చెప్పి మరీ భోజనాలకి వెళ్ళారు. పదిహేను ఇరవై సంచులు పోగయ్యాయి. పద్మ వాటి మీద ఈగ వాలనివ్వలేదు.

ఊరికి కొత్తగా వచ్చిన ఒకావిడ, విస్తట్లో వడ్డించుకుంటూ, ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని కొత్తిమీర తరుగుతున్న రాఘవులుని చూసింది.

"చాలా ఓపిక మనిషిలా ఉన్నారే! ఆ పెద్దాయన ఎవరండీ? మీవారా?"

పద్మ గరిటె తిప్పడం ఆపలేదు.

"నా దగ్గర పనిచేస్తాడు," అంది.

రాఘవులు విన్నాడు. కొత్తిమీర పక్కన పెట్టి లేచాడు. పొయ్యి మీద మరుగుతున్న సాంబారు గిన్నెని రెండు పక్కలా గుడ్డలతో పట్టుకుని ఎత్తాడు.

"ఎక్కడ పెట్టమంటావు?"

"అక్కడే నిలబడు. చెప్తాను," అంది పద్మ, వచ్చినావిడకి ఇంకో వంకాయ వేస్తూ.

గుడ్డలు పల్చగా ఉన్నాయి. గిన్నె చేతుల్ని కాలుస్తోంది. రాఘవులు కదలకుండా నిలబడ్డాడు.